పూత ఒక్కటే

మా ఇంట్లో పాతికేళ్లుగా ఒకటే పోట్లాట, ఎవరి బ్రాంచి గొప్పదని. మా ఆయన మనోహర్ జనరల్ సర్జన్. నేను చర్మం డాక్టర్ని. ఇద్దరం ఒకే బ్యాచి, వరంగల్లో ఒకే పెద్దాసుపత్రిలో ఉద్యోగం, పొద్దున ఒకే కారులో వెళ్తాం. గేటు దాటాక ఆయన ఎడమవైపు తిరిగితే బెంచీల మీదివాళ్లు లేచి నిలబడతారు. నేను కుడివైపు తిరిగితే తోటి డాక్టర్లే నడుస్తూ నడుస్తూ చెంప చూపించి, "సులోచనా, ఈ మచ్చకు ఏదన్న రాసిస్తవా?" అంటారు.

"మీ దగ్గర చచ్చేటోడు లేడు, పూర్తిగ బాగయ్యేటోడు లేడు. హాయి నౌకరి," అనేవాడు మనోహర్, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

"మీ దగ్గర రెండూ రోజూ ఉన్నయి గద. మరి ఎందుకట్ల చిరాకు పడుకుంట ఇంటికొస్తవ్?" అనేదాన్ని.

నవ్వుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే నాకు నవ్వు పైపైనే, లోపల మండేది. మా రోజుల్లో ఏ సీటూ దొరకనివాళ్లు చర్మం తీసుకునేవాళ్లు. ఇప్పుడు మొదటి ర్యాంకులవాళ్లే ఎగబడుతున్నారు. ఎందుకట? అర్ధరాత్రి ఎవరూ లేపరు, లేజర్ మిషన్ ఒకటి పెట్టుకుంటే పెళ్లికూతుళ్ల ముఖాలకు మెరుగులు దిద్దుకోవచ్చు. అప్పటిది ఒక అవమానం, ఇప్పటిది ఇంకో అవమానం. మధ్యలో మా గది బయట బెంచీ మీద కూర్చునే జనం ఊసు ఎవరికీ పట్టలేదు. గుమ్మం మీద 'చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల విభాగం' అని బోర్డు. దాని కింద కూర్చున్నవాళ్లు తెలిసినవాళ్లు ఎదురుపడతారేమోనని గోడవైపు ముఖం తిప్పుకుని ఉంటారు. ఇక దురద అంటే లోకానికి నవ్వులాట. "దురదతోటి ఎవడన్న చస్తడా?" అనే మాట నేను వినని వారం లేదు. దురదతో చావరు, నిజమే. చావాలనుకుంటారు. ఆ తేడా చెప్పబోతే సర్జన్లు గడియారం చూసుకుంటారు.

అక్షితను వాళ్లమ్మ కళావతి నా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఆ పిల్లకు పదకొండేళ్లు. మగ్గాల వాడలో జంపఖానాలు నేసే కుటుంబం. పిల్ల బట్టలు తిరగేసి తొడుక్కుని ఉంది. కుట్లు ఒంటికి తగిలితే ఓర్చుకోలేదని, కుట్లన్నీ పైకి వచ్చేట్లు తొడిగింది తల్లి. మెడ మడతల్లో, మోచేతుల దగ్గర, పొట్ట మీద, నడుం చుట్టూ చర్మం పచ్చిపచ్చిగా ఉంది. చెమట పట్టినా మంటే, నీళ్లు పడినా మంటే, ఫ్యాను గాలి తగిలినా మంటే. తొడలు చూపించమంటే పిల్ల బిగుసుకుపోయింది. గదిలో ఉన్న మెడికల్ విద్యార్థులను బయటికి పంపి తలుపు వేశాక, కళ్లు గట్టిగా మూసుకుని లంగా కొద్దిగా పైకి జరిపింది. అక్కడ ఏముందో చెప్పను. బడిలో చేరినప్పటి నుంచీ ఆ పిల్ల కూర్చుని చదువుకోలేదని మాత్రం తెలిసింది. బడిలో గోడకు ఆనుకుని నిలబడి రాసుకునేదట.

"గోళ్లు మొదలంట తీసేసిన మేడం," అంది కళావతి. "గోళ్లు లేకపోతే గోడకు రాసుకుంటది. గోడకు పరుపు కట్టినం. పండ్లతోటి కొరుక్కుంటది."

నేను మందుల చీటీ ముందుకు లాగగానే ఆమె చేతులు జోడించింది. "మందు మాత్రం వద్దు మేడం. రెండేండ్లప్పటి సంది గోలీలు మింగింది. ముఖం ఉబ్బింది, రెండుసార్లు చెయ్యి ఎముక ఇరిగింది. ఇగ మందు అనే మాట ఇంట్ల వినపడొద్దని ఆయన ఒట్టు పెట్టిండు."

అంతకు నాలుగేళ్ల ముందు నుంచీ పాత కుష్ఠు వార్డు మేడ మీద నేనూ, సూక్ష్మక్రిముల విభాగం నస్రీనూ ఒక పని మీద ఉన్నాం. ఆ వార్డులో రోగులు లేరు, పావురాలుండేవి. వాటిని తరిమి ప్రయోగశాల పెట్టుకున్నాం. కుష్ఠు క్రిమి చేసే ఒక పని నన్ను చదువుకునే రోజుల నుంచీ వదల్లేదు. అది నరంలోకి చప్పుడు చేయకుండా దూరుతుంది. నరం అరవదు, ఒళ్లు తిరగబడదు. క్రిమి అంతసేపూ నరం నోరు మూసి ఉంచుతుంది. ఆ నోరు మూసే విద్య ఒక్కటి క్రిమి దగ్గర దొంగిలించి, క్రిమిని అవతల పారేస్తే? అదీ మా ఆలోచన. ఆ పని చేసే చిన్న ప్రోటీనును విడదీయడానికి రెండేళ్లు పట్టింది. దాన్ని వెన్నలాంటి పూతలో కలపడానికి ఇంకో ఏడాది.

మొదట గినీ పందులకు రాశాం. చర్మం రేగగొడితే ఒకటి నెత్తురొచ్చేలా గోక్కునేది. పూత రాసిన మూడోరోజు గోకడం సగంలో ఆపి, మరిచిపోయినదానిలా అటూ ఇటూ చూసి, గడ్డి నమలడం మొదలుపెట్టింది. నస్రీన్ చేతిలో స్టాప్‌వాచీ అలాగే తిరుగుతోంది. "మేడం, ఎందుకు గోక్కుంటున్ననో యాదికొస్తలేదు దానికి," అంది. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం.

తర్వాత మా ఒంటి మీదే రాసుకుని చూసుకున్నాం. దూదితో తాకితే తెలిసింది. సూది గుచ్చితే తెలిసింది. దురద, మంట మాత్రం లేవు. కుష్ఠు రోగిలా చర్మం మొద్దుబారలేదు. చర్మం డాక్టరుకు ఇంతకంటే ఏం కావాలి? జంతువుల వెన్నుపాములు తీసి సీసాల్లో నిల్వ పెట్టాం. వాటిని కోసి చూడాల్సింది నరాల విభాగం. రెండుసార్లు ఉత్తరం రాశాను. చర్మంవాళ్ల సీసాలు చూసే తీరిక వాళ్లకు దొరకలేదు. మేమే కోసి చూడొచ్చు. చూడలేదు. చర్మం దాటి లోపలికి వెళ్లడం మా అలవాటు కాదు. మనుషుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక సంఘంలో కూడా పెద్దగా ప్రశ్నలు రాలేదు. ఒకాయన ఫైలు మూస్తూ, "పూతే గదమ్మా," అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ పని అయిందని ఊరుకున్నాను. ముప్ఫైమంది మీద ప్రయోగానికి అనుమతి వచ్చింది.

అక్షిత పేరు మొదట రాశాను. కళావతి సంతకం పెట్టబోయి ఆగింది.

"ఇది మందేనా మేడం?"

ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మందు గాదమ్మా. వట్టి పూతనే. పసుపు రాసినట్లే అనుకో."

పూత కూడా మందేనని పాతికేళ్లు మొగుడితో, తోటి డాక్టర్లతో, లోకంతో కొట్లాడినదాన్ని నేను. ఒక్క సంతకం కోసం నా బ్రాంచిని నేనే తీసిపారేశాను. అప్పుడు నాకు అది అబద్ధమని కూడా తట్టలేదు. భయపడే తల్లికి ధైర్యం చెప్పాననుకున్నాను.

పూత పనిచేసింది. పనిచేయడమంటే మామూలుగా కాదు. రెండు వారాలకు పిల్ల చర్మం ఆరింది. నెలకు బట్టలు సరిగ్గా తొడుక్కుంది. బడిలో బెంచీ మీద కూర్చుంది. బతుకమ్మ పండక్కి తంగేడు, గునుగు పూలు తనే కోసుకొచ్చి, తనే పేర్చి, ఆ ఫోటో నాకు తెచ్చి చూపించింది. గునుగు ముట్టుకుంటే చేతులు గరగరలాడతాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పిల్ల దాన్ని దూరం నుంచే చూసింది. "మేడం, నేను పేర్చిందే అందరికంటె ఎత్తు," అంది. తల్లి వెనక నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆ వేళ నేను ఇంటికెళ్లి మనోహర్‌తో అన్నాను, "నీ కత్తితోటి ఇట్లాంటిది ఒక్కటి చేసి చూపియ్."

"సరే తల్లీ, నువ్వే గెలిచినవ్," అన్నాడు ఆయన. పిల్ల పేరు అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఐదో నెలలో అక్షితకు రెండు రోజులు వాంతులయ్యాయి, కొద్దిగా జ్వరం. తల్లి పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది. పిల్లల డాక్టరు అపెండిసైటిస్ ఏమోనని అనుమానపడి సర్జరీకి పంపాడు. ఆ రోజు ఓపీలో మనోహర్. తర్వాత జరిగిందంతా ఆయన చెబితే విన్నాను, కేసు షీటు చూసి తెలుసుకున్నాను. ఆ కాగితం నాకు ఇప్పుడు కంఠతా వచ్చు.

మనోహర్ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి పొట్ట కుడిపక్క నొక్కాడు. నొక్కి టక్కున చెయ్యి తీశాడు. లోపల వాచి ఉంటే పిల్లలు అప్పుడు కెవ్వుమంటారు. పొట్ట కండరాలు చెక్కలా బిగుసుకుంటాయి. అక్షిత కిలకిల నవ్వింది. "సార్, చక్కిలిగిలి అయితుంది."

"నొప్పి లేదా బిడ్డా?"

"అస్సల్ లేదు సార్."

పొట్ట మెత్తగా ఉంది. "మందులేమన్న వాడుతున్నరా?" అని తల్లిని అడిగాడు.

"లేదు సార్. పూత ఒక్కటే," అంది కళావతి.

కేసు షీటులో మందుల గడి దగ్గర 'లేవు' అని రాశాడు. మనోహర్‌కు తన వేళ్ల మీద ఉన్న నమ్మకం స్కానింగు మిషన్ మీద లేదు. పాతకాలం సర్జన్లందరికీ ఉన్న పొగరే అది. తిండి పడక వాంతులయ్యాయని చెప్పి, ఉప్పు చక్కెర నీళ్ల పొట్లాలు ఇచ్చి పంపేశాడు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం క్యాంటీన్లో కలిసే భోజనం చేశాం. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. బ్రాంచీల సంగతే మాట్లాడుకుని ఉంటాం.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆయన వేళ కాని వేళ ఇంటికి వచ్చాడు. నాకు ఆ రోజు సెలవు. చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు.

"ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసుల గిట్లాంటిది చూడలే," అన్నాడు. "కడుపు తెరిస్తే నిండ చీము. అపెండిక్స్ పగిలి మూడు రోజులైంది. అంత చీముతోటి ఆ పిల్ల నిన్న దాక ఆడుకున్నదట. తొక్కుడుబిళ్ల ఆడిందట సులోచనా! ఇయ్యాల పొద్దున కళ్లు తేలేస్తె తీసుకొచ్చిండ్రు."

"ఎట్లున్నది ఇప్పుడు?"

"టేబుల్ మీదనే పోయింది." చేతులు చూసుకున్నాడు. "నాలుగు రోజుల కింద నేనే నొక్కి చూసిన. మెత్తగ ఉండె. నా వేళ్లు ఎన్నడూ గిట్ల మోసం చేయలే. మగ్గాల వాడ పిల్ల, అక్షితనో ఏందో పేరు."

"మందులేం వాడుతున్నరని అడిగినవా?"

"అడిగిన. ఏం లేవన్నది తల్లి. ఏదో పూత అన్నది."

"ఏం పూత అని అడగలేదా మనోహర్?"

ఆయన విసుగ్గా చూశాడు. "పూత గురించి ఎవరడుగుతరు?"

ఆ మాటకు కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు మిగల్లేదు. చెప్పులేసుకుని ప్రయోగశాలకు పరిగెత్తాను. బీరువాలోంచి సీసాలు దించి, నేనూ నస్రీనూ వెన్నుపాములు కోశాం. ఎవరి విభాగం పనో ఆ వేళ ఎవరికీ గుర్తు రాలేదు. రంగు వేసి సూక్ష్మదర్శినిలో పెట్టాం. నస్రీన్ చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. మా ప్రోటీను చర్మం దగ్గర ఆగలేదు. నరం పట్టుకుని వెన్నుపాము దాకా పాకింది. పొట్ట మీది చర్మం నుంచి వచ్చే నరమూ, పొట్ట లోపలి పేగు నుంచి వచ్చే నరమూ వెన్నులో ఒకే గడప తొక్కుతాయి. మా పూత ఆ గడప దగ్గర కూర్చుని ఇద్దరి నోరూ మూసింది. పేగు కుళ్లిపోతూ అరిచిన అరుపు ఆ పిల్ల చెవిన పడలేదు. అరుపు చేరకపోతే కండరం బిగుసుకోదు. మనోహర్ వేళ్లకు మెత్తటి పొట్టే తగిలింది. ఆయన వేళ్లు అబద్ధం చెప్పలేదు. వాటికి అబద్ధం చెప్పింది నేను.

ఆ సాయంత్రం మిగతా ఇరవై తొమ్మిది మందికీ ఫోన్లు చేసి పూత ఆపేయమన్నాం. ఒక్కొక్కరూ బతిమాలారు. ఒకామె, "చస్తే చస్తగని మళ్ల ఆ దురద నాకొద్దు మేడం," అని ఏడ్చింది.

పదిరోజులకు మరణం మీద విచారణ జరిగింది. గుండె సర్జన్ పురుషోత్తం అధ్యక్షుడు. మత్తు విభాగం పెద్ద కరుణాకర్ ఒక సభ్యుడు. ముందే రాసిపెట్టుకున్న నివేదిక చదివారు. 'తల్లి ఆలస్యం చేసినందువల్ల, పేరు తెలియని ఔషధం వాడి ఆ సంగతి దాచినందువల్ల' అని ఉంది అందులో. నేను లేచి నిలబడ్డాను. ఆ తల్లి ఏమీ దాచలేదనీ, నేను చెప్పిన మాటే తిరిగి చెప్పిందనీ, పిల్లను చంపింది నా పూతేననీ చెప్పాను.

పురుషోత్తం జాలిగా నవ్వాడు. "భర్త మీదికి రాకుండ నెత్తిన ఏసుకుంటున్నవా అమ్మా? పూత పూస్తే కడుపునొప్పి పోతదా?"

స్లైడ్లు ముందు పెట్టాను. పురుషోత్తం చూశాడు. కరుణాకర్ చూశాడు, లేచి మళ్లీ చూశాడు. గదిలో నవ్వు ఆగిపోయింది. పిల్ల కోసం ఆగిందనుకున్నాను.

"అంటే వెన్నులో సూది లేకుండ, మత్తు లేకుండ, నొప్పి ఒక్కటే ఆపొచ్చు!" అన్నాడు కరుణాకర్. "ఆపరేషన్ తర్వాత, కేన్సర్ పేషెంట్లకు... సార్, ఇది మా విభాగానికి రావాలె."

"ముందు మా గుండె ఆపరేషన్లకు వాడి చూద్దం," అన్నాడు పురుషోత్తం. నా వైపు తిరిగాడు. "సులోచనా, ఇంత పెద్ద పని చేసి మూలకు కూసున్నవేందమ్మా?"

నాకు టీ తెప్పించారు. పింగాణీ కప్పులో, పక్కన బిస్కెట్లతో. పాతికేళ్లలో ఆ గదిలో చర్మం డాక్టరుకు టీ ఇవ్వడం నేను చూడలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషం వేసింది. కప్పు సగం తాగాక గుర్తొచ్చింది, అక్షిత పేరు ఎత్తి పావుగంట దాటిందని.

"మరి నివేదిక?" అన్నాను.

"పూత అని రాస్తే ప్రయోగం ఇక్కడనే బందయితది," అన్నాడు పురుషోత్తం. "వెయ్యిమందికి పనికొచ్చేది ఒక్క పిల్ల కోసం ఆపుతమా? పోయినామె రాదు గద."

నేను అసమ్మతి రాసిచ్చాను. దాన్ని నివేదిక చివర అనుబంధంగా కుట్టారు. అనుబంధాలు ఎవరూ చదవరు. నివేదిక మాత్రం ఆ తల్లిదండ్రులను పిలిపించి చదివి వినిపించారు.

ఇంటికొచ్చాక మనోహర్‌తో చెప్పాను, పైవాళ్లకు ఉత్తరం రాస్తానని.

"ఉండనియ్ సులోచనా," అన్నాడు ఆయన. "కదిలిస్తే నీదీ పోతది, నాదీ పోతది."

"మరి ఆ తల్లిది?"

"ఆమెకేం నౌకరి ఉన్నదని పోవడానికి?"

అనేశాక ఆయనే తల వంచుకున్నాడు. మంచివాడే, నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు కడుపులు కోసి బతికించినవాడు. భయం ఆయనతో ఆ మాట అనిపించింది. నేను ఉత్తరం రాశాను. పై నుంచి జవాబు రాలేదు. కరుణాకర్ దగ్గర నుంచి మాత్రం, పూత తయారీ పద్ధతి పంపమని రెండు జాబులు వచ్చాయి. మా ఇంట్లో బ్రాంచీల పోట్లాట ఆ రోజుతో ఆగిపోయింది.

నివేదిక చదివి వినిపించి నలభై రోజులు దాటాక ఒక ఉదయం మగ్గాల వాడకు వెళ్లాను. అంతకుముందు వెళ్లే ధైర్యం లేకపోయింది. కళావతి ఇంటి ముందు మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంగాళంలో ఎర్రరంగు కుతకుత ఉడుకుతోంది. ఆమె భర్త సదానందం చిలపలుగా చుట్టిన నూలు కర్రకు గుచ్చి అందులో ముంచి తిప్పుతున్నాడు. నన్ను చూసి తలూపాడు, పని ఆపలేదు. కళావతి లోపల్నుంచి పీట తెచ్చి వేసింది. మనిషి సగమైంది.

నేను పీట మీద కూర్చోలేదు. అంతా చెప్పాను. పూత ఏం చేసిందో, నొప్పి ఎందుకు తెలియలేదో, మందు కాదని నేను చెప్పిన అబద్ధం ఎక్కడికి దారితీసిందో, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. ఆమె తప్పు పిసరంత కూడా లేదన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఈ ముచ్చట నాకెందుకు చెప్తున్నరు మేడం?" అంది మెల్లగా. "నా బిడ్డకు నొప్పుంటే నాకు చెప్పకపోవునా అని నేను మొదటినుంచి అంటనే ఉన్న. ఆయనకు చెప్పుండ్రి. కాయిదం సదివిన దినం సంది నాతోటి మాట లేదు. అన్నం పెడితే తింటడు, లేస్తడు. మందు దాచిపెట్టి బిడ్డను చంపుకున్నదని వాడకట్టంత అనుకుంటున్నరు. వాళ్లననియ్. ఆయన ఒక్కడు నమ్మితే చాలు."

సదానందం దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అతను చిలపలు తిప్పుతూనే విన్నాడు. అయిపోయాక నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"మీరు మంచోళ్లు మేడం," అన్నాడు. "ఆమె ఏడుస్తుందని జాలిపడి వచ్చిండ్రు. ఒంటి మీద పూసుకున్న పూతకు ఎవరన్న చస్తరా? కడుపుల పేగు కుళ్లుతుంటే తోలు మీద పూసింది ఆపుతదా?"

"ఆపింది సదానందం. నేను కళ్లారా చూసిన."

"మీరు చర్మం డాక్టరు మేడం. కాయిదం రాసింది గుండె డాక్టర్లు, ఆపరేషన్ డాక్టర్లు. పెద్ద డాక్టర్లు." కర్ర మళ్లీ గంగాళంలోకి దించాడు. "వాళ్లకు తెల్వదా?"

నా బ్యాగులో స్లైడ్లున్నాయి, అసమ్మతి కాగితం నకలు ఉంది. రంగు అంటిన బట్టలతో నిలబడ్డ ఆ మనిషికి వాటితో ఏం చూపించగలను? వెనక్కి తిరిగాను. కళావతి గుమ్మంలో నిలబడి తన అరచేతులు చూసుకుంటోంది.

"మేడం," అంది. "ఐదు నెలలు ఈ చేతులతోటే పూసిన. పొద్దున ఒక్కసారి, పొద్దుగూకినంక ఒక్కసారి."

నేను గబగబా వెళ్లి ఆ చేతులు పట్టుకున్నాను. వేళ్ల చివర్ల మీద పాతవీ కొత్తవీ కాలిన బొబ్బలు. ఒకటి చితికి పచ్చిగా ఉంది. "ఇవెట్ల అయినయ్?" అన్నాను.

"తెల్వదు మేడం. మొన్న పొయ్యి మీది పెనం వట్టిగనే పట్టుకున్న. వాసనొస్తే చూసిన."

ఆపేసిన మూడు వారాలకు నరం మామూలవుతుందని మేం కాగితాల మీద రాసుకున్నాం. రెండు నెలలు కావస్తోంది. ఆ చేతులు మామూలు కాలేదు. తన చేతులతో బిడ్డకు పూయమని చెప్పినదాన్ని, చేతికి తొడుగు వేసుకోమని చెప్పడం నాకు తట్టలేదు. పూతే కదా అని నేను కూడా అనుకున్నాను.

ఆమె చేతులు విడిపించుకుంది. నేను ఆమె భర్తను పిలిచి ఆ బొబ్బలు చూపిద్దామనుకుంటున్నాను. ఆమె నన్ను దాటుకుని నడిచింది. నీళ్లు తోడడానికి వెళ్తున్నంత మామూలుగా నడిచింది. గంగాళం దగ్గర వంగి, కుడిచెయ్యి మణికట్టు దాకా ఉడికే రంగులో పెట్టింది.

నేను అరిచాను. సదానందం చేతిలోని కర్ర జారిపోయింది.

"చెయ్యి తియ్యే! కళావతీ, చెయ్యి తియ్యి!"

నలభై రోజుల తర్వాత అతను భార్యతో మాట్లాడిన మొదటి మాట అదే. ఆమె తియ్యలేదు. తల తిప్పి మొగుడి ముఖంలోకి చూసింది.

"నొప్పి లేదయ్యా," అంది. "సూడు. బిడ్డకు గూడ ఇట్లనే లేకుండె."

అతను భుజం పట్టి ఆమెను వెనక్కి లాగాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. నేను కుండలోని నీళ్లు ఆ చేతి మీద కుమ్మరిస్తుంటే, నా చేతుల్లో ఆమె అరచేతి తోలు జారి ఊడొచ్చింది. సదానందం ఆ చెయ్యి చూసి, తల నేలకేసి కొట్టుకుంటూ బిడ్డ పేరు పెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పక్కింటి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి ఏమైందో తెలియకుండానే ఏడ్చారు.

కళావతి మాత్రం మొగుడు నమ్మాడా లేదా అని అతని ముఖమే చూస్తోంది. అక్కడున్న అందరిలో ఏడవనిది ఆమె ఒక్కతే.